యంత్రం ఒక్కటే ఉమ్మడిదైతే చాలదు



పారిస్ నగరానికి దగ్గర్లో ఓర్సే అనే ఊరుంది. ఫ్రాన్స్ జాతీయ పరిశోధన సంస్థ సీఎన్ఆర్ఎస్ నడిపే సూపర్ కంప్యూటర్ ఒకటి అక్కడ ఉంది. దాని పేరు జాన్ జే. 1936 నుంచి 1939 దాకా ఆ దేశానికి విద్యాశాఖ మంత్రిగా పనిచేసి, 1944లో ఫాసిస్టు మూకల చేతిలో హతుడైన ప్రజాస్వామికవాది పేరది. 2022 మార్చిలో ఆ యంత్రం మీద ఒక పని మొదలై, దాదాపు నాలుగు నెలలు రాత్రింబవళ్ళు సాగింది.

ఒక పెద్ద భాషా మోడల్‌ను తయారుచేయడమే ఆ పని. మోడల్ పేరు బ్లూమ్. మనం అడిగినదానికి జవాబు రాసే కృత్రిమ మేధ ఉంది కదా, ఆ కోవకు చెందినదే. దాన్ని ఏ ఒక్క కంపెనీ కట్టలేదు. 70కి పైగా దేశాల నుంచి వెయ్యిమందికి పైగా పరిశోధకులు చేరి కట్టారు. వాళ్ళలో చాలామంది జీతం కోసం వచ్చినవాళ్ళు కారు, ఆసక్తి కొద్దీ వచ్చినవాళ్ళు. ఆ మోడల్‌కు 17,600 కోట్ల పారామీటర్లు, అంటే శిక్షణలో సర్దుకునే సంఖ్యలు, ఉన్నాయి. అది 46 మానవ భాషల్లో, 13 ప్రోగ్రామింగ్ భాషల్లో శిక్షణ పొందింది. ఆ 46 భాషల్లో మన తెలుగు ఒకటి.

అంత పని జరగడానికి ఒక్కటే దారి కుదిరింది. ఫ్రాన్స్ ప్రజల పన్నుల డబ్బుతో నడిచే యంత్రాన్ని వాళ్ళకు వాడుకోనిచ్చారు. సుమారు 30 లక్షల యూరోల విలువైన యంత్ర సమయాన్ని గ్రాంటుగా ఇచ్చారు. 384 గ్రాఫిక్స్ ప్రాసెసర్లు, అంటే జీపీయూలు, ఒకే పని మీద కలిసి నడిచాయి. వారానికి ఒకటో రెండో ప్రాసెసర్లు చెడిపోయేవి. అందుకని పక్కనే కొన్ని అదనపు యంత్రాలు సిద్ధంగా ఉంచుకున్నారు. మూడు గంటలకోసారి అప్పటిదాకా నేర్చుకున్నదంతా భద్రం చేసేవారు. అలా దాచిన ఒక్కొక్క ప్రతి 2.3 టెరాబైట్లు. ఏదైనా ఆగిపోతే చివరగా దాచిన చోటి నుంచి మళ్ళీ మొదలుపెట్టేవారు. జూలైలో మోడల్ సిద్ధమైంది. లోకంలో ఎవరైనా దించుకుని వాడుకునేలా, లోపల ఏముందో చూసుకునేలా విడుదల చేశారు.

ఇంతవరకూ సంతోషించదగ్గ సంగతే. ఇక మన సంగతి చూద్దాం. ఆ మోడల్ చదివిన మొత్తం పాఠంలో ఇంగ్లీషు వాటా దాదాపు 30 శాతం. తెలుగు వాటా 0.09 శాతం. పదివేల పాళ్ళలో తొమ్మిది పాళ్ళన్నమాట. తమిళం వాటా మనకు రెండింతల పైమాటే. 2011 జనాభా లెక్కల్లో తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవాళ్ళు 8 కోట్ల 11 లక్షల మంది. అంతమంది మాట్లాడే భాషకు దక్కిన చోటు అది. దీనికి ఫ్రాన్స్‌ను తప్పుపట్టలేం. తెలుగుకు తలుపు తీసే ఉంచారు. లోపలికి పట్టుకెళ్ళడానికి యంత్రం చదవగలిగిన తెలుగే తగినంత దొరకలేదు.

ఈరోజు నేను చెప్పదలచింది ఇదే. కృత్రిమ మేధ పరిశోధనకు ఉమ్మడి యంత్రం కావాలి. అందులో సందేహం లేదు. కానీ యంత్రంతో పాటు డేటా కూడా ఉమ్మడిగా ఉండాలి. ఆ డేటాను ఏళ్ళ తరబడి కనిపెట్టుకుని ఉండే మనుషులూ కావాలి. ఈ మూడింటిలో ఏది లోపించినా మిగతా రెండూ సగం వృథా.

ముందు యంత్రం సంగతి. 2012లో ఫొటోలోని వస్తువును గుర్తుపట్టే పోటీలో అలెక్స్‌నెట్ అనే మోడల్ గెలిచింది. ఇవాళ్టి కృత్రిమ మేధ ప్రభంజనానికి అదే తొలి ఊపు అంటారు. దాన్ని టొరంటో విశ్వవిద్యాలయంలో ముగ్గురు తయారుచేశారు. వాడింది రెండే రెండు గ్రాఫిక్స్ కార్డులు. వీడియో గేములు ఆడుకునేవాళ్ళు కొనుక్కునే రకం. శిక్షణకు పట్టింది ఐదారు రోజులు. అంటే ఆ నాటికి ఒక విశ్వవిద్యాలయంలో విద్యార్థి కూర్చుని లోకాన్ని మలుపు తిప్పగలిగాడు. పదేళ్ళు తిరిగేసరికి రెండు కార్డులు 384 అయ్యాయి. పెద్ద కంపెనీల దగ్గర ఆ సంఖ్య వేలు, పదివేలు దాటిపోయింది. విశ్వవిద్యాలయాలు ఆ పరుగులో వెనకబడిపోయాయి.

వెనకబడితే నష్టం ఏమిటని అడగవచ్చు. కంపెనీలు చేస్తున్నాయి కదా, వాడుకుంటే సరిపోదా అనవచ్చు. నష్టం రెండు విధాలు. లాభం రాని ప్రశ్నలు అడిగేవాళ్ళు ఉండరు. గోండి, కోయ మాట్లాడేవాళ్ళ గొంతును యంత్రం గుర్తుపట్టడం ఎలా అన్నది మార్కెట్ త్వరపడి అడిగే ప్రశ్న కాదు. రెండోది, కంపెనీ చెప్పిన మాటను సరిచూసేవాళ్ళు ఉండరు. ఒక మందు పనిచేస్తుందో లేదో దాన్ని తయారుచేసినవాళ్ళు కాక వేరేవాళ్ళు పరీక్షించాలని మనం కోరుకుంటాం. రోగి ఎక్స్‌రే చూసి జబ్బు చెప్పే మోడల్ విషయంలోనూ అంతే. అలా సరిచూడాలంటే పరీక్షించేవాడి చేతిలోనూ యంత్రం ఉండాలి.

అమెరికా ఈ సంగతి గుర్తించింది. అన్నిటికన్నా పెద్ద కంపెనీలున్న దేశమే గుర్తించింది. జాతీయ కృత్రిమ మేధ పరిశోధన వనరు పేరుతో ఒక పథకం ఎలా ఉండాలో చెప్పమని అక్కడి ప్రభుత్వం 2021లో ఒక కార్యదళాన్ని వేసింది. ఆ దళం 2023 జనవరిలో నివేదిక ఇచ్చింది. ఆరేళ్ళకు 260 కోట్ల డాలర్లు కావాలంది. 2024 జనవరిలో నేషనల్ సైన్స్ ఫౌండేషన్ నాయకత్వంలో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టారు. పది ప్రభుత్వ సంస్థలు, పాతిక ప్రభుత్వేతర సంస్థలు కలిశాయి. ఆ ప్రయోగంలో నాకు నచ్చిన విషయం, దాన్ని యంత్రాల పంపకంతో సరిపెట్టకపోవడం. తరగతి గదిలో పాఠం చెప్పే అధ్యాపకులకు ఒక భాగం కేటాయించారు. రోగుల వివరాల వంటి గోప్యమైన డేటా మీద పనిచేసేవాళ్ళకు కాపలా గట్టిగా ఉన్న మరో భాగం పెట్టారు.

మన దేశానికి ఈ దారి కొత్తేమీ కాదు. 1988లో సీ-డాక్ అనే ప్రభుత్వ పరిశోధన సంస్థ ఏర్పడింది. 1991లో పరమ్ 8000 అనే సొంత సూపర్ కంప్యూటర్‌ను తయారుచేసింది. 2015లో 4,500 కోట్ల రూపాయలతో జాతీయ సూపర్ కంప్యూటింగ్ మిషన్ మొదలైంది. దాని కింద పెట్టిన యంత్రాల్లో ఒకటి, పరమ్ సేవ, మన హైదరాబాద్ ఐఐటీలోనే ఉంది. 2024 మార్చి 7న కేంద్ర మంత్రివర్గం ఇండియా ఏఐ మిషన్‌ను ఆమోదించింది. ఐదేళ్ళకు 10,371 కోట్ల 92 లక్షల రూపాయలు కేటాయించింది. పదివేల జీపీయూలు అనుకున్నది 2025 మధ్యకల్లా 34 వేలు దాటింది. ప్రైవేటు సంస్థలు యంత్రాలు నడుపుతాయి, ఖర్చులో 40 శాతం దాకా ప్రభుత్వం భరిస్తుంది. సగటున గంటకు 70 రూపాయల లోపు ధరకే జీపీయూ దొరుకుతోంది. 2025 మార్చిలో ఏఐ కోశ్ పేరుతో డేటా భాండాగారం కూడా తెరిచారు.

ఇవన్నీ మంచి పనులే. కానీ ధర తగ్గినంత మాత్రాన అందరికీ అందినట్టు కాదు. ఉమ్మడి యంత్రం ఎలా పంచుకుంటారో కొంచెం దగ్గరగా చూద్దాం. వరంగల్‌లోనో కర్నూలులోనో ఒక పరిశోధక విద్యార్థిని ఉందనుకోండి. ముందు తన పని ఏమిటో, ఎన్ని గంటల యంత్ర సమయం కావాలో అర్జీ రాయాలి. నిపుణులు చదివి ఒప్పుకుంటే ఆమె ఖాతాలో గంటలు జమ అవుతాయి. తర్వాత తన గదిలో కూర్చునే యంత్రంలోకి లాగిన్ అవుతుంది. నాలుగు జీపీయూలు, ఇరవై గంటలు అని ఆదేశం రాసి పంపుతుంది. అది వరసలో చేరుతుంది. ముందున్న పనులు అయ్యాక ఆమె వంతు వస్తుంది. ఇరవై గంటలు నిండగానే పని పూర్తయినా కాకపోయినా యంత్రం ఆపేస్తుంది. మధ్యమధ్య దాచుకోకపోతే అప్పటిదాకా నడిచిందంతా పోయినట్టే.

ఈ వరసలో ఆమె ఎక్కడ ఆగిపోతుందో చూడండి. అర్జీ రాయడం దగ్గరే ఆగిపోవచ్చు. ఎన్ని గంటలు పడతాయో అంచనా కట్టాలంటే అంతకుముందు ఒకసారైనా ఆ యంత్రం మీద పనిచేసి ఉండాలి. ఐఐటీలో పక్క గదిలో అడిగితే చెప్పేవాళ్ళుంటారు. చిన్న కాలేజీలో ఉండరు. అందుకే ఏ ఉమ్మడి యంత్రానికైనా సహాయ సిబ్బంది ముఖ్యం. ఫోన్ చేస్తే విసుక్కోకుండా చెప్పేవాళ్ళు, కొత్తవాళ్ళకు మొదటి వంద గంటలు అర్జీ లేకుండా ఇచ్చే ఏర్పాటు, జిల్లాల్లో తిరిగి నేర్పే బృందాలు కావాలి. యంత్రాలు కొన్న డబ్బులో చిన్న వాటా దీనికి పెడితే ఆ యంత్రాలు పదింతలమందికి పనికొస్తాయి.

ఇప్పుడు డేటా. ఉమ్మడి డేటా ఎంత పని చేయగలదో చెప్పడానికి నాకు తెలిసినంతలో ప్రొటీన్ డేటా బ్యాంకును మించిన ఉదాహరణ లేదు. 1971లో అమెరికాలోని బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలలో అది మొదలైంది. అప్పుడు అందులో ఉన్నవి ఏడే ఏడు ప్రొటీన్ల ఆకృతులు. ఒక్కొక్క ఆకృతిని కనిపెట్టడానికి శాస్త్రవేత్తలకు ఏళ్ళు పట్టేది. కనిపెట్టినవాళ్ళు అందులో జమ చేయాలి, ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు అన్నది ఒప్పందం. క్రమంగా శాస్త్ర పత్రికలు ఒక నియమం పెట్టాయి. ఆకృతిని బ్యాంకులో జమ చేస్తేనే వ్యాసం వేస్తాం అన్నాయి. వచ్చిన ప్రతి నమోదునూ చదివి, తప్పులు పట్టి, ఒకే పద్ధతిలో సర్దిపెట్టే ఉద్యోగులు అక్కడ ఉన్నారు. అర్ధశతాబ్దం అలా నడిచింది.

2020లో ఆల్ఫాఫోల్డ్ 2 అనే మోడల్ వచ్చింది. ప్రొటీన్‌లోని అమైనో ఆమ్లాల వరసను చూసి దాని ఆకృతిని చాలావరకు సరిగ్గా చెప్పేసింది. 2024లో రసాయన శాస్త్ర నోబెల్ బహుమతిలో సగభాగం దాన్ని రూపొందించిన డెమిస్ హసాబిస్, జాన్ జంపర్‌లకు వచ్చింది. ఆ మోడల్ ఎక్కడ నేర్చుకుంది? ముఖ్యంగా ఆ బ్యాంకులో పోగైన దాదాపు లక్షా డెబ్భై వేల ఆకృతుల మీద. దాన్ని తయారుచేసిన కంపెనీ ప్రతిభ నిజమే. దాని కింద వేలమంది శాస్త్రవేత్తలు యాభై ఏళ్ళ పాటు ఉచితంగా జమ చేసిన సొత్తు ఉన్న మాట కూడా అంతే నిజం. 1971లో ఆ ఏడింటిని జమ చేసినవాళ్ళకు ఇలాంటి రోజు వస్తుందని తెలియదు. తెలియకపోయినా శ్రద్ధగా జమ చేశారు.

మరి తెలుగుకు అలాంటి బ్యాంకు ఏది? పునాదులు లేకపోలేదు. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, 1994లో ట్యూరింగ్ పురస్కారం అందుకున్న రాజ్ రెడ్డి గారు పది లక్షల పుస్తకాలను డిజిటల్ చేద్దామని ఈ శతాబ్దపు మొదట్లో తలపెట్టారు. ఆ పనిలో హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ పెద్ద కేంద్రంగా పనిచేసింది. వేల తెలుగు పుస్తకాలు స్కాన్ అయ్యాయి. చాలామంది పరిశోధకులు, పాఠకులు ఇవాళ ఇంట్లో కూర్చుని పాత తెలుగు పుస్తకం చదువుకుంటున్నారంటే ఆ కృషి ఫలమే.

అయితే స్కాన్ చేసిన పుట యంత్రానికి ఒక బొమ్మ మాత్రమే. ఆ బొమ్మలోంచి అక్షరాలను గుర్తుపట్టాలి. అందుకు ఓసీఆర్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది. ఇంగ్లీషులో అక్షరాలు ఒక వరసలో నడుస్తాయి. తెలుగులో పైన గుడి, తలకట్టు, కింద వత్తు ఉంటాయి. ఒక పంక్తి వత్తు కింది పంక్తి గుడికి తగులుతుంది. థకీ ధకీ తేడా ఒక్క చుక్క. మ, య పక్కపక్కన పెడితే పాత అచ్చులో మనకే తికమక. వందేళ్ళ నాటి సీసపు అచ్చులో అరిగిపోయిన అక్షరం, పుట వెనక నుంచి తేలిన సిరా, చెదపురుగు తిన్న అంచు వీటికి తోడు. సాఫ్ట్‌వేర్ ఏదో ఒకటి రాసేస్తుంది. అది తప్పో ఒప్పో తెలుగు వచ్చిన మనిషి కూర్చుని చూడాలి.

అలా చూసేవాళ్ళు ఉన్నారు. తెలుగు వికీసోర్స్ తెరిచి చూడండి. ఒక్కొక్క పుస్తకానికి పుటల పట్టిక ఉంటుంది. ఎవరూ దిద్దని పుట ఎరుపు రంగులో కనిపిస్తుంది. ఒకరు బొమ్మతో పోల్చి అక్షరం అక్షరం దిద్దాక పసుపు రంగులోకి మారుతుంది. దిద్దినవాళ్ళే ఆమోదించుకోవడానికి వీల్లేదు. వేరొకరు మళ్ళీ చదివి సరే అంటేనే ఆకుపచ్చ అవుతుంది. జీతం లేదు, పుస్తకం మీద పేరూ ఉండదు. రిటైరైన ఉద్యోగులు, గృహిణులు, విద్యార్థులు రాత్రిపూట ఒక్కో పుట ఆకుపచ్చగా మారుస్తున్నారు. తెలుగులో యంత్రం నమ్మకంగా చదవగలిగే మంచి వచనం ఎంతో కొంత ఉందంటే వీళ్ళ చలవే. వాళ్ళకు ఈ ప్రసంగం ద్వారా నా నమస్కారం.

పుస్తకం ఒక ఎత్తు, గొంతు ఇంకో ఎత్తు. మనలో చాలామంది కంప్యూటర్‌తో రాసి కాక మాట్లాడి పని చేయించుకోవాలనుకుంటారు. రైతు, కూలి, ముసలమ్మ అందరిదీ అదే దారి. ఆ యంత్రానికి తెలుగు వినడం రావాలి. ఏ తెలుగు? శ్రీకాకుళంలో ‘ఏటి సేస్తన్నావు’ అంటారు. తెలంగాణలో ‘ఏం చేస్తున్నవ్’ అంటారు. రాయలసీమలో ‘ఏం చేస్తాండావ్’ అంటారు. ఈ మూడూ ఒకే ప్రశ్న అని యంత్రానికి తెలియాలంటే మూడు చోట్ల మనుషులూ మాట్లాడి రికార్డు చేయాలి. విన్నవాళ్ళు ఉన్నదున్నట్టు రాయాలి. ‘చేస్తున్నావు’ అని సవరించి రాస్తే ఆ డేటా పాడైపోయినట్టే. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ జనం నుంచి రెండువేల గంటల తెలుగు మాటను సేకరించే పని పెట్టుకుంది. జాతీయ స్థాయిలో 2022లో భాషిణి అనే భాషా సాంకేతిక పథకం మొదలైంది. ఇవి ఇంకా విస్తరించాలి. విజయవాడ ఆకాశవాణి కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. అప్పటి నుంచి రేడియోలో పలికిన తెలుగు ఎంత! దాచి ఉంచిన ప్రతి టేపూ ఒక సంపదే. హక్కులు చూసుకుని, అక్షరబద్ధం చేసి, పరిశోధకుల కోసం తెరిస్తే మరే సంస్థా ఇవ్వలేని కానుక అవుతుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. ఉమ్మడి అంటే ఎవరి సొమ్మైనా ఊడ్చుకుపోవడం అని అర్థం కాదు. మన చట్టం ప్రకారం రచయిత మరణించాక 60 ఏళ్ళ దాకా రచన మీద హక్కు ఉంటుంది. బతికి ఉన్న రచయితను అడగాలి, ప్రతిఫలం ఇవ్వాలి. గొంతు ఇచ్చిన మనిషికి తన గొంతు దేనికి వాడతారో అర్థమయ్యే మాటల్లో చెప్పాలి. వద్దంటే తీసేయాలి. వ్యక్తిగత డేటా రక్షణకు 2023లో చట్టం వచ్చింది. చట్టం అడిగిన దానికన్నా ఎక్కువ మర్యాదే మనం పాటించాలి. మరో షరతు కూడా ఉండాలి. ప్రజల డేటాతో, ప్రజల యంత్రం మీద తయారైన మోడల్ ప్రజలకు తెరిచి ఉండాలి. తీసుకున్నవాళ్ళు తిరిగి జమ చేయాలి.

ఇదంతా మన వల్ల అవుతుందా అన్న అనుమానం అక్కర్లేదు. తెలుగువాళ్ళు ఇంతకన్నా కష్టమైన రోజుల్లో ఇలాంటి పని చేసి చూపించారు. 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వెలిసింది. 1911లో విజయవాడలో రామమోహన గ్రంథాలయం, 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం వచ్చాయి. అయ్యంకి వెంకటరమణయ్య గారి వంటి వాళ్ళు ఊరూరా తిరిగారు. గ్రంథాలయం ఉద్యమంగా మారింది. చదువుకోవడానికి పుస్తకం కొనలేని మనిషికి పుస్తకం అందాలన్నది వాళ్ళ పట్టుదల. చందాలతో, విరాళాలతో నడిచిన ఆ పని తర్వాత చట్టమైంది. ఇవాళ్టికీ మన ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు కడుతున్నాం. జిల్లా గ్రంథాలయ సంస్థలు ఉన్నది ఆ చట్టం వల్లే.

కాబట్టి నేను అడిగేది కొత్త సంస్థ కాదు. ఉన్నదానికి కొత్త పని. ప్రతి జిల్లా గ్రంథాలయ సంస్థలో ఒక డిజిటల్ పాఠ విభాగం పెట్టాలి. హక్కుల గడువు తీరిన పుస్తకాలు, పాత పత్రికలు, ఆ జిల్లా పాటలు, పలుకుబడులు అక్కడ అక్షరంగా, ధ్వనిగా జమ కావాలి. దిద్దడానికి, సర్దడానికి నెలనెలా జీతం అందుకునే ఇద్దరు మనుషులుండాలి. ప్రాజెక్టు అయిపోగానే ఇంటికి వెళ్ళిపోయే కాంట్రాక్టు మనుషులతో ఈ పని నిలవదు. తెలుగు విశ్వవిద్యాలయం, తెలుగు అకాడమీ వంటి సంస్థలు ప్రజల డబ్బుతో అచ్చువేసిన ప్రతి పుస్తకానికీ యంత్రం చదవగలిగే ప్రతిని అక్కడ జమ చేయాలన్న నియమం రావాలి. శాస్త్ర పత్రికలు ప్రొటీన్ ఆకృతుల విషయంలో పెట్టిన నియమం లాంటిదే ఇది. రెండు తెలుగు రాష్ట్రాలూ ఒకే పద్ధతి పాటిస్తే పని సగం తగ్గుతుంది. విదేశాల్లో ఉన్న మనవాళ్ళలో ఈ సాంకేతిక విద్య తెలిసినవాళ్ళు ఎందరో ఉన్నారు. వాళ్ళు డబ్బు పంపడం కన్నా, నెలకు రెండు గంటలు ఒక చిన్న కాలేజీ విద్యార్థికి యంత్రం వాడటం నేర్పితే మేలు ఎక్కువ.

అధ్యాపకులకు ఒక మనవి. మీ తెలుగు తరగతిలో ఈ ఏడాది ప్రాజెక్టుగా ఒక పాత పుస్తకాన్ని తీసుకోండి. ఒక్కో విద్యార్థికి పది పుటలు ఇవ్వండి. వాళ్ళకు భాష వస్తుంది, భాషకు డేటా వస్తుంది. ప్రజాప్రతినిధులకు ఒక మనవి. యంత్రాల కొనుగోలుకు కోట్లు అడిగేటప్పుడు, అక్షరాలు దిద్దేవాళ్ళ జీతానికి లక్షలు కూడా అదే కాగితం మీద అడగండి. శ్రోతలకూ ఒక మనవి. మీ జిల్లా గ్రంథాలయానికి వెళ్ళి, ఇక్కడ ఏ పుస్తకాలు డిజిటల్ అయ్యాయి, ఎవరు దిద్దుతున్నారు అని అడగండి. అడిగేవాళ్ళు ఉన్నారని తెలిస్తేనే అక్కడ దిద్దేవాళ్ళకు కుర్చీ వేస్తారు. పన్ను కడుతున్నవాళ్ళం మనం. అడిగే హక్కు మనకుంది.